పగలాల్సిన అద్దం

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతం కాగితం మీద తప్ప అది ఎక్కడా వినపడదు. గని చుట్టుపక్కల వీధులన్నిటికీ ఆయన రసమట్టం. తాపీ మేస్త్రీలు గోడ వరస చూసుకోవడానికి పెట్టుకునే చెక్కముక్క, అందులో గాజుగొట్టం, గొట్టంలో బుడగ, ఆ సరంజామా పేరే ఆయనకు స్థిరపడిపోయింది. వంకరగా ఉన్న వస్తువును చూసి ఊరుకోవడం ఆయన వల్ల కాదు మరి. కొత్తగా పెళ్లయినప్పుడు అత్తవారింట్లో మామగారు కుశలం అడుగుతుంటే, జవాబు చెప్పకుండా లేచి వెళ్లి గోడ గడియారం సరిచేసి వచ్చి కూర్చున్నాడట. మామగారు ఆయన్నేమీ అనలేదు గానీ, కూతురిని లోపలికి పిలిచి “అమ్మాయ్, జాగ్రత్త” అన్నాడట. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆవిడ వంటింటి డబ్బాలు కావాలనే ఎగుడుదిగుడుగా పెడుతుంది. మొగుడు ఇంట్లో ఖాళీగా తిరుగుతుంటే చూడటం ఆవిడ వల్ల కాదు.

ఈ జబ్బుకు తగ్గ ఉద్యోగమే దొరికింది ఆయనకు. కింద బొగ్గు తీస్తూ ఉంటే పైన నేల ఎంత దిగిందో కొలవడం ఆయన పని.

నేల దిగుతుందంటే కొత్తవాళ్లు భూమి నోరు తెరిచి ఇళ్లను మింగేస్తుందనుకుంటారు. అంత నాటకం ఎప్పుడో గానీ ఉండదు. మందపాటి పరుపు కింద నుంచి ఒక దిండు లాగేస్తే పరుపు ఎలా నెమ్మదిగా వాలుతుందో, నేలా అలాగే వాలుతుంది. కింద బొగ్గు తీసేటప్పుడు పైకప్పు కూలకుండా అక్కడక్కడ బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. చివరికి ఆ స్తంభాలు కూడా తీసుకుంటారు. తీసిన చోటల్లా వెనకనుంచి పైపుల్లో ఇసుకా నీళ్లూ కలిపి పంపి నింపుతారు. నీళ్లు కారిపోతాయి, ఇసుక ఉండిపోతుంది. ఎంత గట్టిగా నింపినా ఇసుక బొగ్గు కాదు కదా, కాస్త అణుగుతుంది. ఆ అణిగినంత మేర పైన వీధులు దిగుతాయి. ఆ దిగడం ఎక్కడ, ఎంత, ఎటువైపు అన్నది ఎప్పటికప్పుడు తెలియాలి. తెలిస్తే కింద పనిని మళ్లించవచ్చు, ఆపవచ్చు, ఇసుక ఇంకా గట్టిగా కొట్టించవచ్చు. తెలియకపోతే ఆ పైవాడే దిక్కు.

అందుకని వీధుల వెంట వరసగా గుర్తురాళ్లు పాతి ఉంటాయి. దూరంగా, కింద ఏ తవ్వకమూ లేని చోట కదలని రాయి ఒకటి ఉంటుంది. మూడుకాళ్ల మీద దుర్భిణి నిలబెట్టి, కొలకర్ర మీది అంకెలు చూసి, ఆ కదలని రాయికీ ఈ రాళ్లకీ ఎత్తులో తేడా ఎంత పెరిగిందో లెక్కగడతారు. ఇళ్ల సంగతి వేరు. గోడలో బీట కనిపిస్తే దానికి అడ్డంగా వేలెడు వెడల్పు సన్నటి అద్దంముక్క పెట్టి, రెండు చివరలా సిమెంటు ముద్దతో అతికిస్తాడు రసమట్టం. గోడ ఏమాత్రం కదిలినా అద్దం సాగదు, వంగదు, టప్పున పగులుతుంది. అంటే అది ఉన్నదే పగలడానికి. ఈ ఒక్క సంగతి తప్ప మిగతావన్నీ వీధి వాళ్లకు బాగానే అర్థమయ్యాయి.

మనుషుల్ని అనుకుని ఏం లాభం? గోడ చీలింది, ప్రభుత్వపు మనిషిలాంటి మనిషి ఒకడు వచ్చి చీలిక మీద ఏదో అంటించి పోయాడు. అంటే అతుకు వేశాడనే కదా ఎవరైనా అనుకునేది. మూలింటి పెద్దాయన ఒకరోజు రసమట్టాన్ని ఆపి, “ఇదేం పిసినారితనమయ్యా, ఇంత సన్నం ముక్క పెట్టావు? ఇది గోడను ఎంతకాలం పట్టుకుంటుంది? కాస్త మందంది వెయ్యి” అని కోప్పడి, మందంది వేయించుకునేదాకా వదల్లేదు. మందపు అద్దం పెట్టించుకున్నానని పక్క వీధిలో ఎవరో గొప్పలు కూడా చెప్పుకున్నారు. ఆడవాళ్లు వారానికోసారి వాటిని తడిబట్టతో తుడిచి తళతళలాడించేవారు. రసమట్టం ప్రతి గుమ్మంలోనూ నిలబడి, “అమ్మా, ఇది గోడను పట్టుకోదు, గోడ కదిలితే మనకు చెబుతుంది, పగిలితే వెంటనే కబురు చెయ్యండి” అని పాఠం చెప్పేవాడు. వాళ్లూ తలూపేవారు. తలూపడానికి ఖర్చేముంది?

ఒక్క ఇంట్లో మాత్రం ఆయన ఆ పాఠం చెప్పలేదు. అది అక్క ఇల్లు. అక్కకు చెప్పాల్సిన పనేముంది, తన పని అక్కకు తెలియదా అనుకున్నాడు. దీపం కింద చీకటంటే ఇదే.

అక్క గురించి చెప్పాలి. రసమట్టానికి తల్లి ముఖం లీలగా గుర్తు. తినిపించిందీ, తిట్టిందీ, బడికి ఈడ్చుకెళ్లిందీ అంతా అక్కే. అందరిలాగే ఆయనా మొదట గనిలో పనికే చేరాడు. మొదటిరోజు మనుషుల్ని దించే లిఫ్టు పాతాళానికి జారుతుంటే పై ప్రాణాలు పైనే పోయాయి. సాయంత్రం పైకి వచ్చి అక్క గుమ్మంలో కూలబడి, చస్తే మళ్లీ దిగనన్నాడు. పిరికివాడన్నారు తోటివాళ్లు. అక్క మాత్రం మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని సర్వే ఆఫీసుకు పోయి, అప్పటి ఆఫీసరు ముందు నిలబడి, “మా వాడికి వంకర చూస్తే పడదండి, మీ కర్ర నిటారుగా వాడు పట్టుకున్నట్టు ఇంకెవరూ పట్టుకోలేరు” అని చెప్పింది. ఆఫీసరు నవ్వి, తీసుకున్నాడు. కొలకర్ర పట్టుకోవడంతో మొదలై, దుర్భిణిలో చూడటం నేర్చుకుని, వీధులన్నీ కొలిచే మనిషి అయ్యాడు. అక్క ఆ మాట అనకపోయి ఉంటే తను ఏమయ్యేవాడో ఆయనకు బాగా తెలుసు.

బావ కింద ఇసుక నింపే ముఠాలో పనిచేసి రిటైరయ్యాడు. పైపుల హోరుకు ఆయన చెవులు సగం పోయాయి. మిగిలిన సగం తనకు అక్కర్లేని మాటలు వచ్చినప్పుడు పోతాయని అక్క అంటుంది. రిటైరయ్యాక వీధి చివర, తన చేతులతోనే ఇటుకలు మోసి కట్టుకున్నాడు ఆ ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, వెనక బట్టలు ఉతుక్కునే చప్టా. ముందుగది నిండా ఫొటోలు.

ఆ వీధి కింద స్తంభాలు తీయడం మొదలుపెడతామని గనివాళ్లు మీటింగు పెట్టి చెప్పారు. కొత్తగా వచ్చిన సర్వే ఆఫీసరమ్మ పటం గీసి అందరికీ విడమర్చింది. ఇసుక పూర్తిగా నింపుతూ వెళ్తామనీ, ఇళ్లలో ఉండవచ్చనీ, అనుమానం వస్తే ఆపేస్తామనీ అంది. అక్క మీటింగులో ఒక్క మాటా అడగలేదు. ఇంటికి వచ్చాక తమ్ముణ్ణి కూర్చోబెట్టి, “నాకు ఆ పటాలు తెలీవు. ఉండమంటావా, పొమ్మంటావా? నువ్వు చెప్పు చాలు” అంది.

“ఉండక్కా. నేను లేనూ?” అన్నాడు ఆయన.

కింద పని సాగేది ఆ వీధి చివరి నుంచే. అంటే ముందుగా కదలవలసిన గోడ అక్కదే. దురదృష్టం ఏమిటంటే, ఆ మూల మురుగు కాలువ తవ్వినప్పుడు అక్కడి గుర్తురాళ్లు పెరికేశారు. కొత్తవి పాతారు గానీ, కొత్త రాయి తనంతట తాను అణిగి కుదురుకునేదాకా దాని మాట నమ్మడానికి లేదు. అందుకని ఆ మూలకు, అక్క ముందుగది గోడలో అప్పటికే ఉన్న సన్న బీట మీద రసమట్టం పెట్టిన అద్దమే సాక్షి. అది పగిలిన రోజున కింద పని ఆపి, ఇంకా గట్టిగా ఇసుక కొట్టించి, కొలతలు చూసి కదలాలని ఆఫీసరమ్మ నిబంధన.

రసమట్టం వారం వారం వెళ్లాడు. వెళ్లినప్పుడల్లా అక్క పీట వేసేది. భోజనం చేస్తూ తలెత్తితే వంటింటి గుమ్మంలోంచి ముందుగది గోడా, దాని మీద అద్దమూ కనిపించేవి. అద్దం నిక్షేపంలా ఉండేది. ఆఫీసుకు వెళ్లి అదే మాట రాసేవాడు. మిగతా ఇళ్లలో అయితే దగ్గరికి వెళ్లి, వేలితో తడిమి, సిమెంటు ముద్దలు కూడా పరీక్షించేవాడు. ఇక్కడ చేతికి భోజనం అంటుకుని ఉండేది. కడుక్కున్నాక అక్క ఏదో ఒకటి మాట్లాడుతూ వీధి దాకా సాగనంపేది. అలా రోజులు గడిచిపోయాయి, కింద పని చక్కగా ముందుకు సాగింది.

ఒక మధ్యాహ్నం భోజనం ముగించి చేయి తుడుచుకుంటూ ముందుగదిలోకి వస్తే, అక్కాబావల పెళ్లి ఫొటో ఒక పక్కకు ఒరిగి కనిపించింది. చూసి ఊరుకునే మనిషైతే రసమట్టం ఎందుకవుతాడు? రెండు చేతులతో పట్టుకుని సరిచేశాడు. బొటనవేలు కాగితానికి తగిలింది.

అద్దం ఉండాల్సిన చోట ఉత్త ఫొటోయే ఉంది. పక్క ఫొటో ముట్టుకున్నాడు. దానికీ లేదు. నాన్న ఫొటోకు లేదు. అక్క కొడుకు బడిలో కప్పు అందుకున్న ఫొటోకు లేదు. గోడ నిండా చట్రాలే, ఒక్కదానికీ అద్దం లేదు.

“అక్కా, ఫొటోల అద్దాలేవి?”

“తుడుస్తుంటే పగిలిందిరా” అంది అక్క వంటింట్లోంచి.

“అన్నీనా?”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. రసమట్టం గోడ దగ్గరికి నడిచాడు. బీట మీది అద్దాన్ని మొదటిసారి ముక్కు ఆనించేంత దగ్గరగా చూశాడు. తను పెట్టేది అంచు తెల్లగా ఉండే సన్నరకం. దీని అంచు ఆకుపచ్చగా ఉంది. సిమెంటు ముద్ద మీద ఆడమనిషి వేళ్ల ముద్రలు ఉన్నాయి. 

“ఎన్నిసార్లు మార్చావక్కా?”

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. “లెక్క ఎవరు పెట్టుకున్నారు? మొదటిసారి పగిలినప్పుడు ఎదురింటావిడ చూసింది. మాది చూడు ఎంత గట్టిగా ఉందో, మీ తమ్ముడు సొంతక్కకు పెట్టిందే పగిలిందేంటి అంది. నాకు తల కొట్టేసినట్టయింది. సొంత అక్క ఇంట్లోనే పని సరిగ్గా చెయ్యనివాడు ఊళ్లోవాళ్లకేం చేస్తాడు అనుకోరూ? పైవాళ్లకు తెలిస్తే నీకు మాటొస్తుంది కదా. కొట్లో కొందామంటే కొట్టువాడు అందరికీ చెప్తాడు. అందుకని మీ బావతో ఫొటోల అద్దాలు కోయించాను. సిమెంటు నేనే పెట్టా.”

“బావా, నీకన్నా తెలియదా?” అన్నాడు రసమట్టం, గొంతు పెంచి.

“మీ అక్క కోయమంది, కోశాను” అన్నాడు బావ. “ఎందుకే అని అడిగాను కూడా. ఆవిడేం చెప్పిందో నాకు వినపళ్లేదు.”

“అది పగలడానికే పెట్టానక్కా” అన్నాడు రసమట్టం. “అది పగిలితేనే మీ ఇల్లు కదులుతోందని నాకు తెలిసేది. ఇన్నాళ్లూ కదలడం లేదని నేను ఆఫీసులో రాశాను. కింద వాళ్లు తీసుకుంటూ వచ్చేశారు. ఇప్పుడు సరిగ్గా మీ కిందే ఉన్నారు.”

అక్క గోడకు దూరంగా జరిగింది. పుట్టాక ఎప్పుడూ ఆమె మీద కోప్పడని మనిషి ఆరోజు కోప్పడ్డాడు. “నాకు మాటొస్తే ఏం? నెత్తిన ఇల్లు కూలితే నేనేం చేసుకోను ఆ మంచిపేరు?” అన్నాడు. అని, అక్కడే గోడ పక్కన నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఉండమన్నది తనే. ఆమె ఉన్నది తన మాట మీదే. ఆ సంగతి ఆయన్ని నిలువునా కోసేసింది.

ఏడుపు ఆగాక ముఖం కడుక్కుని, అక్కనూ బావనూ ఉన్నపళంగా బయటికి నడిపించి, తన ఇంటికి పంపి, సైకిలెక్కి సర్వే ఆఫీసుకు పోయాడు. ఆఫీసరమ్మ వయసులో ఆయనకు కూతురంత ఉంటుంది. దాచకుండా అంతా చెప్పాడు. అద్దం మార్చడం అక్క తప్పు, చూడకుండా రాయడం నా తప్పు, అన్నాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి ముందు ఫోనందుకుని కింద పని ఆపించింది. తర్వాత వీధి చివరి ఇళ్లవాళ్లను గనివాళ్ల క్లబ్బు హాల్లోకి చేర్చమని మనుషుల్ని పురమాయించింది. అవన్నీ అయ్యాక ఆయన వైపు తిరిగింది.

“చెయ్యి పెట్టి చూడకుండా బాగుందని రాశారు. మెమో ఇస్తాను. తీసుకోవాలి.”

“ఇవ్వండి మేడమ్.”

“ఇప్పుడు పదండి, కొలుద్దాం. దుర్భిణి నేను చూస్తాను. కర్ర మీరు పట్టుకోండి.”

అంత సీనియరు మనిషి ఉద్యోగం మొదటిరోజుల్లోలాగా మళ్లీ కొలకర్ర పట్టుకుని నిలబడ్డాడు. అక్క ఇంటి నాలుగు మూలలా, గడప మీద, వెనక చప్టా మీద.  ఇల్లు కట్టినప్పుడు వీధంతా కొలిచిన పాత లెక్కలు ఆఫీసులో ఉన్నాయి కాబట్టి, ఎంత దిగిందన్నది తేలింది. గని వైపు, అంటే కింద ఇప్పటికే తీసేసిన వైపు మూల దాదాపు అరచేయి వెడల్పున దిగింది. రెండోవైపు మూల రెండు వేళ్లే. ఇల్లు వాలులో నిలబడి ఉంది.

మర్నాడు కూడా కొలిచి, కిందికి స్వయంగా దిగి ఇసుక ఎంత కూరుకుందో చూసి వచ్చాక ఆఫీసరమ్మ అన్న మాట రసమట్టం ఊహించనిది.

“ఇక్కడ ఆపితే ఇల్లు పోతుంది. ముందుకు పోవాలి.”

 ఆవిడ కాగితం మీద గీత గీసి చూపించింది. నేల వాలేటప్పుడు పల్లం అంచున ఉన్న నేల రెండువైపులకూ లాగబడుతుంది. గోడలు చీలేది అక్కడే. పల్లం నడుమకు వచ్చిన నేల చదునుగా కుదురుకుంటుంది, చీలికలు మూసుకుంటాయి కూడా. ఇప్పుడు కింద పని ఆపేస్తే అక్క ఇల్లు ఆ అంచు మీదే శాశ్వతంగా ఉండిపోతుంది, రోజురోజుకూ చీలుతుంది. అలా కాకుండా, మనుషులెవరూ ఇళ్లలో లేకుండా చూసి, కొంచెం తీయడం, తీసినంతా ఇసుకతో గట్టిగా నింపడం, మళ్లీ కొంచెం తీయడం, ఇలా ఇల్లు దాటేదాకా పోతే, ఇల్లు మొత్తంగా సమంగా దిగి కూర్చుంటుంది. ఇదంతా ఆయనకూ తెలిసిన సంగతే, ఎన్నో వీధుల్లో చూసిందే. కానీ అక్క ఇల్లనేసరికి బుర్ర పనిచేయలేదు.

“మీ అక్కగారికి మీరే చెప్పండి” అంది ఆవిడ.

ఇంటికి వచ్చేసరికి అక్క ఆయన భార్య పక్కన కూర్చుని, ఎగుడుదిగుడు డబ్బాలను చూస్తోంది. రెండు రోజుల్లో ముఖం సగమైంది. రసమట్టం విషయం చెప్పాడు. అక్క డబ్బాల మీంచి చూపు తిప్పి ఆయన్ని అడిగింది.

“తవ్వబట్టి చీలిన ఇల్లు ఇంకా తవ్వితే నిలుస్తుందంటావా?”

“అంటున్నాను.”

“మొన్న ఉండమన్నావు. ఇప్పుడు ఇది.”

 జవాబు బావ దగ్గర్నుంచి వచ్చింది. ఈసారి మాటలన్నీ ఆయనకు శుభ్రంగా వినపడ్డాయి. “పరుపు అంచు మీద కూర్చున్నవాడే జారి పడతాడే. మధ్యకు జరగాలి. మేం ఎన్ని ఇళ్లను అలా దింపామో నాకు తెలుసు. ఆ అమ్మాయి చెప్పింది సరైన మాటే.” తర్వాత గొంతు తగ్గించి, “అసలు నువ్వు అద్దం మార్చకపోతే అప్పుడే ఆపేసేవాళ్లు, ఇల్లు అంచు మీదే ఉండేది. ఒకందుకు మంచిదే చేశావు” అన్నాడు.

ఈ మాట ఎలాగో ఆఫీసరమ్మ చెవిన పడింది. వీధి వాళ్లకు పని సంగతి చెప్పడానికి క్లబ్బు హాల్లో పెట్టిన మీటింగులో, అందరి ముందూ బావ పక్కన కుర్చీ వేసుకుని, “అద్దం అప్పుడే పగిలిందని తెలిసి ఉంటే, మిమ్మల్ని అప్పుడే బయటికి పంపి, ఇదే పని అప్పుడే చేసేవాళ్లం. ఇన్ని రోజులు మీరిద్దరూ ఆ గోడ కింద నిద్రపోయారు. ఏమీ కాలేదంటే అది మన తెలివి కాదు” అని చెవి దగ్గర గట్టిగా చెప్పింది. బావ ఈసారి వినపడలేదనలేదు.

పని సాగింది. ఆ రోజుల్లో రసమట్టానికి నిద్ర లేదు, ఆకలి లేదు. తెల్లారగానే వెళ్లి కొలిచేవాడు, మధ్యాహ్నం కొలిచేవాడు, పొద్దు వాలేలోగా మళ్లీ కొలిచేవాడు. గని వైపు మూల దిగడం తగ్గింది. రెండోవైపు మూల దిగడం మొదలైంది. ఒకరోజు ఆ దిగడం చూసి కర్ర కింద పెట్టేశాడు గానీ, దిగాల్సింది అదే కదా అని తనకు తానే చెప్పుకుని, తలకు నీళ్లు కొట్టుకుని మళ్లీ కర్ర పట్టుకున్నాడు. ఇంట్లో ఆయన భార్య ఎన్నడూ లేనిది డబ్బాలన్నీ ఒక వరసలో సర్దిపెట్టింది. ఆయన అది గమనించను కూడా లేదు. అప్పుడు మాత్రం ఆవిడ నిజంగా భయపడింది.

నాలుగు మూలలూ ఒకే లెక్కకు వచ్చిన రోజున ఆఫీసరమ్మ దుర్భిణిలోంచి తల ఎత్తలేదు. మళ్లీ చూసింది. రసమట్టాన్ని వేరే మూలకు పంపి మళ్లీ చూసింది. ఆ తర్వాత లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, “కూర్చుందండీ మీ అక్కగారి ఇల్లు” అంది. ఆయన కర్ర వదలకుండానే అక్కడే చప్టా మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి ఆవిడా వచ్చి పక్కనే కూర్చుంది.  గుండెల మీది బరువు దిగితే మనిషికి ఒళ్లు ఎంత తేలికవుతుందో ఆయనకు ఆరోజు తెలిసింది.

వెంటనే ఎవర్నీ రానివ్వలేదు. కొత్త అద్దం పెట్టి, మళ్లీ ఎవరైనా మారిస్తే తెలిసేలా దాని మూలన ఆఫీసరమ్మ స్వయంగా ములుకుతో గీత గీసి, వారాల తరబడి చూశారు. అద్దం పగల్లేదు. గోడలో అగ్గిపుల్ల దూరేంత ఉన్న బీట, చాకు మొన కూడా దూరనంత సన్నబడింది. అప్పుడు మేస్త్రీని పిలిచి దాన్ని పూడ్పించి, తలుపులు కాస్త చిత్రిక పట్టించి, వీధి వాళ్లందర్నీ ఇళ్లకు పంపారు. క్లబ్బు హాల్లో పిల్లలు కట్టుకున్న ఉయ్యాలలు విప్పొద్దని ఏడ్చారు గానీ, పెద్దవాళ్లు మాత్రం ఊపిరి పీల్చుకున్నారు. మూలింటి పెద్దాయన ఇంటికి వెళ్లగానే తన గోడ మీది మందపు అద్దం పీకించి సన్నది వేయించుకున్నాడు. పాఠం అర్థమైన మొదటి విద్యార్థి ఆయనే.

అక్క ఇంట్లోకి తిరిగి వచ్చిన రోజున రసమట్టం ఆమెను వెంటబెట్టుకుని గదిగదీ తిప్పాడు. ఎక్కడ ఎంత దిగిందో, ఇక ఎందుకు దిగదో చెప్పాడు. ఆమె విన్నది. ముందుగదిలో ఆగి ఆయన ముఖంలోకి చూసింది.

“నిజం చెప్తున్నావా, నేను బెంగపడతానని చెప్తున్నావా?”

“నిజమే చెప్తున్నా. మళ్లీ కదిలితే అదీ నిజమే చెప్తా. నువ్వూ దాచకూడదు.”

“దాచను.”

ఆమె కాసేపు ఫొటోల వైపు, పూడ్చిన గోడ వైపు చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు కొంగు అంచు చుట్టుకుంది, విప్పింది. “అయితే వెనకగదిలో బీరువా వెనక ఇంకోటుంది” అంది మెల్లగా. “నువ్వు చూస్తావనే బీరువా అటు జరిపించాను.”

 రసమట్టం, బావా కలిసి బీరువాను పక్కకు లాగారు. గోడ మీద పైనుంచి కిందికి జేనెడు పొడవున సన్నటి గీత. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, వేలు పెట్టి తడిమాడు. గీత లోపల సున్నం ఉంది. ఇంటికి రెండోసారి వెల్ల వేసినప్పటి సున్నం. అంటే కింద పని ఈ వీధి దరిదాపుల్లోకి రాకముందెప్పుడో పడిన బీట, గోడ తడి ఆరేటప్పుడు పడేది. దాని మీద అడ్డంగా సాలీడు గూడు అల్లుకుని, దుమ్ము పట్టి, ఒక్క పోగు తెగకుండా ఉంది.

“ఏంట్రా? చెప్పు” అంది అక్క. 

“ఏమీ లేదక్కా. ఇది పాతది. పూత బీట. దీనికీ గనికీ సంబంధం లేదు.” చెబుతుంటే ఆయనకు నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఇన్నేళ్ల సర్వీసులో ఎన్నో బీటలు చూశాడు. చూసి సంతోషపడిన బీట ఇదొక్కటే. అక్క తనంతట తాను చూపించిన బీట మరి.

అక్క వంటింట్లోకి పోయి చిన్న గిన్నెలో సిమెంటు, చెంబుతో నీళ్లూ తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

“పాతదైనా సరే, దీనికీ ఒకటి పెట్టు. పగిలితే కబురు చేస్తాను” అంది.